జీవరత్నం జేబులో బలపం

తర్లుపాడు దగ్గర ఓ ట్రాక్టరు దగ్గితే మార్కాపురంలో తన షెడ్డు ముందు నులకమంచం మీద పడుకునే విని, "వాడికి డీజిల్ ఫిల్టరు మార్చుకోమని చెప్పండ్రా" అన్నాడట జీవరత్నం. ఈ సంగతికి సాక్షులు ఇద్దరే. ఒకాయన చనిపోయాడు. రెండో ఆయన జీవరత్నం.

ఇలాంటి కథలు అతని మీద చాలా ఉన్నాయి. సగం జనం అల్లినవి, సగం తనే అల్లి జనం చేతిలో పెట్టినవి. కంభం రోడ్డు పక్కన అతని రేకుల షెడ్డులో బండి బాగు చేయించుకునేవాళ్లు కొందరైతే, బండి లేకుండా వచ్చి కూర్చునేవాళ్లు ఇంకొందరు. ఎండాకాలం మధ్యాహ్నాలు కాకులు కూడా ఆగిన లారీ నీడలో నడిచే ఊళ్లో, ఆ షెడ్డులో ఫ్యాను ఉండేది, టీ వచ్చేది, జీవరత్నం నోరు ఉండేది. ఆ నోటికి నలుగురు దొరికితే చాలు, చేతిలో స్పానర్ ఎక్కడ పెట్టాడో కూడా మరిచిపోయేవాడు.

వాళ్ల నాయన పలకల గనిలో రాయి తీశాడు. అమ్మ పలకలకు చెక్క చట్రాలు బిగించింది. అందుకేనేమో, గిద్దలూరు స్టేషను దగ్గర లారీల షెడ్డులో పని నేర్చుకుని వచ్చినా అతని చొక్కా జేబులో ఎప్పుడూ ఒక బలపం ముక్క ఉండేది. విప్పిన టైరు మీద గుర్తు పెట్టాలన్నా, ఏ బోల్టు ఎక్కడిదో గీసుకోవాలన్నా బలపమే. పెట్రోలు పైపు విప్పితే దాని మూతికి దుమ్ము పోకుండా బలపం దూర్చేవాడు. పానా జారకుండా సందులో బలపం పెట్టేవాడు. ఒకసారి పంటి నొప్పికి కూడా బలపమే కొరికాడని అతని భార్య ఎలీషబా చెప్తుంది. అది మాత్రం నిజం.

జిల్లాకు కొత్త గీతలు గీసి, చీరాలను ఒక పక్కకు, కందుకూరును ఇంకో పక్కకు పంచిన ఏడాదే జీవరత్నం స్కానర్ కొన్నాడు. అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దది. కారు స్టీరింగు కింద దూరిస్తే, ఇంజిన్ కడుపులోని మాటలన్నీ ఫోనులో అంకెలుగా కనిపిస్తాయి. అందులో అతనికి అన్నిటికంటే ఇష్టమైనది ఫ్యూయల్ ట్రిమ్. అదేమిటని ఎవరైనా అడిగితే ఇంట్లో చారు ఉదాహరణ చెప్పేవాడు.

"మా ఎలీషబా చారు కాసి రుచి చూస్తాది. ఉప్పు చాలకపోతే చిటికెడు వేస్తాది. కారులో కంప్యూటరు గూడ అంతే. సైలెన్సర్ గొట్టంలో ఒక సెన్సర్ పొగను రుచి చూస్తాది. గాలి ఎక్కువై పెట్రోలు చాలలేదంటే, ఈ కంప్యూటరమ్మ ఇంకొంచెం పెట్రోలు పోస్తాది. ఎంత ఎక్కువ పోసిందో అదే ఈ అంకె. ఒక పూట పోస్తే షార్ట్ ట్రిమ్. రోజూ చాలక చాలక, రుచి చూడకముందే చెయ్యి ఎక్కువ వేసే అలవాటు పడితే లాంగ్ ట్రిమ్."

అంకె సున్నా దగ్గర ఊగుతుంటే బండి సుఖంగా ఉన్నట్టు. ఇరవై దాటి పైకి పోతే ఇంజిన్ ఆకలితో ఉన్నట్టు. దాన్ని లీన్ అంటారు. ఆకలి ఎందుకో తెలుసుకోవడానికి అతనికి ఒక పద్ధతి ఉండేది. బండి ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు ఒకసారి, రేసు ఇచ్చి ఒకసారి అంకె చూడాలి. రెండూ చూడకుండా నోరు తెరవకూడదు. ఈ మాట షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

తను మాత్రం ఒక్కరోజు మరిచిపోయాడు.

ఆ రోజు చింతపండు, మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారి నాగభూషణం తన పాత పెట్రోలు కారును తెచ్చాడు. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలిగింది. ఏసీ వేస్తే బండి వణికి ఆగిపోతోంది. మైలేజీ పడిపోయింది. కారు నడిపే పోలయ్య, షావుకారు బీపీ మాత్రల కోసం మందుల షాపుకు పోయి ఉన్నాడు. పోలయ్యది కొనకనమిట్ల పక్క ఊరు. తన ఇంట్లో తాగే నీళ్లకు బిందె మోసినవాడే గానీ, షావుకారు కారుకు మాత్రం రోజూ తడిగుడ్డ పెట్టేవాడు. ఆ కారు మీద గీత పడితే తన ఒంటి మీద పడినట్టు ఉండేది అతనికి.

షెడ్డు నిండా జనం. అప్పుడే టీ వచ్చింది. జీవరత్నం స్కానర్ దూర్చి, నిలబడిన బండిలో అంకె చూశాడు. ఇరవై ఆరు.

"పెట్రోలు చాలట్లేదంటుంది షావుకారూ."

"ఎందుకు చాలదు? నిన్న గదా ట్యాంకు నింపించింది."

ఇక్కడే జీవరత్నం రేసు ఇచ్చి రెండో అంకె చూడాలి. కానీ అతని నాలుక మీదికి అప్పటికే ఒక మాట వచ్చి కూర్చుంది. చుట్టూ నలుగురూ గ్లాసులు పట్టుకుని అతని ముఖమే చూస్తున్నారు.

"ట్యాంకును అడిగితే అదేం చెప్తాది షావుకారూ? పోయించినోడిని అడగాల. బంకుకీ ఇంటికీ మధ్యలో ఎవరికి దప్పికైందో!"

షెడ్డు గొల్లుమంది. ఒకడికి టీ పొలమారింది. నాగభూషణం నవ్వలేదు. మందుల సంచీతో పోలయ్య తిరిగివస్తే, అతని వైపు ఒకసారి చూసి కారులో కూర్చున్నాడు. జీవరత్నం పెట్రోలు ఫిల్టరు మార్చి, లైటు ఆర్పి పంపించాడు.

ఆ వారమే ఎలీషబా అన్నం పెడుతూ అంది: "పోలయ్యను మాన్పించినారంట. పెట్రోలు అమ్ముకుంటన్నాడంట."

"ఎవరు చెప్పినారంట?"

"ఎవురో మెకానిక్కు. మెషిన్‌లో చూసి చెప్పినాడంట."

ఆమె కూర గిన్నె కింద పెట్టి అతని వైపు చూసింది. జీవరత్నం అన్నంలో రాయి వెతికాడు. రాయి దొరకలేదు.

నేను పేరు చెప్పలేదే అనుకున్నాడు. ఊరికే నవ్వులాటకు అన్న మాట, షావుకారు అట్ల పట్టుకుంటే నేనేం చేసేది అనుకున్నాడు. కానీ ఆ మాట అప్పటికే అతని చెయ్యి దాటిపోయింది. పూల దుకాణాల దగ్గరికి పోయేసరికి, మెషిన్‌లో పోలయ్య వేలిముద్ర పడిందన్నారు. బస్టాండు చేరేసరికి, పోలయ్య నోట్లో పైపు పెట్టుకుని పెట్రోలు లాగుతున్న ఫొటోనే ఫోనులో వచ్చిందన్నారు. తన మాటలోంచి పుట్టిన కథ విని జీవరత్నం మొదటిసారి నవ్వలేకపోయాడు. ఇన్నాళ్లూ తను వదిలిన కోతలు ఊరంతా తిరిగి నవ్వుతూ ఇంటికి వచ్చేవి. ఇది మాత్రం ఒక మనిషి నోటికాడి అన్నం లాక్కుని వచ్చింది.

పోలయ్యకు ఊళ్లో ఇంకెవరూ బండి ఇవ్వలేదు. పుల్లలచెరువు పక్కన ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకరు కట్టి తోలుతున్నాడని తెలిసింది.

కొంతకాలానికి షావుకారు కారు మళ్లీ వచ్చింది. ఇప్పుడు కొత్త డ్రైవరు. బంకు మార్చారు, ట్యాంకు కడిగించారు, అయినా లైటు వెలిగింది. డ్రైవరు తాళాలిచ్చి భోజనానికి పోయాడు. షెడ్డులో ఎవరూ లేరు. అందుకే జీవరత్నం పనిచేశాడు.

నిలబడిన బండిలో అంకె ఇరవై ఎనిమిది. రేసు ఇచ్చాడు. అంకె దిగింది. ఇంకా ఇచ్చాడు. ఇంకా దిగి నాలుగు దగ్గర నిలిచింది. రేసు వదిలాడు. మళ్లీ ఇరవై ఎనిమిదికి ఎక్కింది.

జీవరత్నం సీట్లో అలాగే కూర్చుండిపోయాడు. ఇద్దరు తినే ఇంట్లో పిలవని చుట్టం ఒకడు దిగితే కూర చాలదు. అదే చుట్టం పెళ్లి పంక్తిలో కూర్చుంటే ఎవరికీ తెలియదు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు లోపలికి పోయే గాలే తక్కువ, అందులో దొంగగాలి కొంచెం కలిసినా పెద్ద తేడా. రేసు ఇస్తే గాలి ఎటూ బోలెడంత పోతుంది, దొంగగాలి అందులో కలిసిపోతుంది. అదే పెట్రోలు తక్కువైనా, పెట్రోల్లో ఇంకేదైనా కలిసినా, రేసు ఇచ్చినప్పుడు ఆకలి పెరగాలి గానీ తగ్గదు. అంటే పెట్రోలుకు ఏ పాపమూ లేదు. ఎక్కడో గాలి దూరుతోంది.

బానెట్ తెరిచి చెవి పెట్టాడు. ఇంజిన్ వెనక పక్క నుంచి ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టు చప్పుడు. అక్కడ క్లీనర్ స్ప్రే కొడితే ఇంజిన్ గొంతు మారింది; గాలి దూరేది అక్కడే. చెయ్యి దూర్చి తడిమాడు. గాలి లోపలికి పీల్చే గొట్టానికి చిన్న ముక్కు. ఆ ముక్కుకు వేలెడు రబ్బరు పైపు. దాని మూతిలో గట్టిగా ఏదో ఉంది. సగం ఊడి, వదులై కదులుతోంది.

లాగాడు. విరిగిన బలపం ముక్క.

దానికి చుట్టిన తెల్ల టేపు, చివర వేసిన రెండు మెలికలు, అన్నీ అతని చేతివే. కిందటేడు షావుకారు ఇంట్లోవాళ్లు శ్రీశైలం పోవాలని తొందరపెట్టారు. ట్యాంకులోని ఆవిరిని ఇంజిన్‌కు చేర్చే పైపు పగిలి ఉంది. కొత్తది గుంటూరు నుంచి రావాలి. అప్పటికి ఆ ముక్కును మూయడానికి జేబులో దొరికింది బలపం. వేడికీ అదురుకూ రాయి ఎంతకాలం ఆగుతుంది? తిరిగొచ్చాక పైపు వేయాలి. పోలయ్య వచ్చి అడిగాడు కూడా: "అన్నా, ఆ పైపు వేస్తానంటివే?" "వస్తాదిలే పోరా" అన్నాడు తను. పోలయ్య ఇంకోసారి అడిగాడు. అప్పుడు తను నులకమంచం మీద కూర్చుని తర్లుపాడు ట్రాక్టరు కథ చెప్తున్నాడు. పోలయ్య కథ అయ్యేదాకా నిలబడి, అందరితో పాటు నవ్వి వెళ్లిపోయాడు. గుంటూరు నుంచి వచ్చిన పైపు అప్పటి నుంచి షెడ్డు అరలో దుమ్ము పట్టి ఉంది.

దుమ్ము తుడిచి ఇప్పుడు వేశాడు. అంకె సున్నా దగ్గరికి వచ్చి ఊగింది. సాయంత్రం నాగభూషణమే వచ్చాడు. ఏసీ వేసి చూసి సంతోషించాడు.

"ఏమైంది జీవరత్నం?"

"చిన్న రబ్బరు పైపు షావుకారూ."

నాగభూషణం తాళం తిప్పబోయి ఆగాడు. "అంటే పెట్రోలు కాదా?"

ఒక్క 'కాదు' చాలు. ఆ మాట జీవరత్నం గొంతుదాకా వచ్చింది.

"అదీ ఇదీ కలిసి ఉంటాది షావుకారూ."

నాగభూషణం తలాడించి వెళ్లిపోయాడు. మొదటిసారి నోరు జారింది. ఈసారి జారలేదు. ఆలోచించి, చూసి, ఏరుకుని అన్నాడు. ఆ తేడా అతనికి తెలుసు.

బలపం ముక్కను పారెయ్యబోయాడు. పారేస్తే తను దాచినట్టు అనిపించింది. జేబులో పెట్టుకున్నాడు. షెడ్డులో కథ అడిగితే తలనొప్పి అన్నాడు. చర్చిలో పాట ఎత్తుకునేది అతనే; ఆదివారం ఇంకొకరు ఎత్తుకున్నారు. తప్పు చేసిన పూట మనసు చురుక్కుమంది, రోజులు గడిచేకొద్దీ అలవాటైపోతుందనుకున్నాడు. అలవాటైంది, కానీ చురుకు తగ్గలేదు. పొద్దున లేవకముందే, ఏదీ గుర్తు రాకముందే, అది ఉండేది.

చొక్కా ఉతకబోయి ఎలీషబా ముక్కను బయటికి తీసింది. "ఏందిది? విరిగిన బలపానికి టేపు చుట్టినావు?"

అంతా చెప్పాడు. షావుకారుతో 'అదీ ఇదీ' అన్నది కూడా చెప్పాడు. ఆమె చొక్కా పిండి దండెం మీద వేసి, ముక్కను అతని చేతిలో పెట్టింది.

"నాకు చెప్తే ఏమొస్తాది? నేనేమన్నా పోలయ్యనా?"

పుల్లలచెరువు పోయేసరికి ఎండ నెత్తిమీద ఉంది. వీధి మధ్యలో ట్యాంకరు, దాని చుట్టూ బిందెలు, బిందెల కోసం కేకలు. ట్యాంకరు పైన పోలయ్య పైపు పట్టుకుని, "ఒకరి మీద ఒకరు పడితే నీళ్లు నేలపాలు, వరసలో రాండమ్మా" అని మొత్తుకుంటున్నాడు. జీవరత్నాన్ని చూడగానే పైపు ఇంకొకరికిచ్చి దిగివచ్చాడు. చిక్కిపోయాడు.

"ఏందన్నా, ఇంత దూరం వచ్చినావు? నీళ్లు తాగు."

జీవరత్నం చెంబు పట్టుకున్నాడు గానీ తాగలేకపోయాడు.

"నిన్ను తలుచుకుంటానన్నా అప్పుడప్పుడు," అన్నాడు పోలయ్య. "షావుకారు మాన్పించిన పొద్దు నేను చెప్పినా. నా మాట నమ్మకపోతే మాయె, జీవరత్నన్నను అడగండి, ఆయన మెషిను అబద్ధం చెప్పదు అని. షావుకారు నన్ను అదో రకంగా చూసినాడు. ఎందుకో నాకు అర్థం గాలేదు."

జీవరత్నం జేబులోంచి బలపం తీసి అతని అరచేతిలో పెట్టాడు. ఎక్కడ దొరికిందో చెప్పాడు. షెడ్డులో అన్న మాట ఉన్నది ఉన్నట్టు అని వినిపించాడు. తర్వాత 'అదీ ఇదీ' కూడా. చెప్తూ అతని ముఖం చూడలేదు. అతని చెప్పుల మీద నీళ్లు ఆరుతుంటే చూశాడు.

 పోలయ్య బలపాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నేను అడిగినా గదన్నా, పైపు వేయమని."

"అడిగినావు."

"ఆ మాట అన్నప్పుడు ఎంతమంది ఉన్నారు?"

"షెడ్డు నిండా ఉన్నారు."

"నవ్వినారా?"

"నవ్వినారు."

"అయితే ఇది గూడ షెడ్డు నిండా చెప్పు."

"చెప్తా. నువ్వు రా, నీ ముందరే చెప్తా."

"నేను రాను. నేను లేనప్పుడే గదా అన్నావు. నేను లేనప్పుడే చెప్పు." బలపం తిరిగి ఇచ్చేసి, పోలయ్య ట్యాంకరు ఎక్కాడు.

మర్నాడు సాయంత్రం జీవరత్నం కారు చూడాలని కబురు పెట్టి షావుకారును పిలిపించాడు. అందరికీ టీ తెప్పించాడు. చాలాకాలానికి జీవరత్నం ఏదో చెప్పబోతున్నాడని షెడ్డు నిండిపోయింది. అతను కొత్త పైపు ఊడదీసి, దాని చోట విరిగిన బలపం దూర్చి, ఇంజిన్ ఆన్ చేసి, ఫోను నాగభూషణం చేతికిచ్చాడు.

"గట్టిగా చదవండి షావుకారూ."

"పన్నెండు... పందొమ్మిది... ఇరవై ఐదు."

జీవరత్నం రేసు ఇచ్చాడు. "ఇప్పుడు?"

"తగ్గుతుందే! తొమ్మిది. ఐదు."

"పెట్రోలు దొంగిలించి ఇంకేదో కలిపి ఉంటే, రేసు ఇచ్చినప్పుడు ఇది పెరగాల. తగ్గిందంటే దొంగిలించింది మనిషి గాదు, గాలి. ఆ గాలికి దారి పెట్టింది నేను. ఈ బలపం నాది. పైపు వేయమని పోలయ్య అడిగితే గూడ మరిచిపోయినా. వాడు దొంగ గాదు."

షెడ్డు గొల్లుమంది.

"బలే ఎత్తుకున్నావు మామా!" అన్నాడు ఒకడు. "బలపంతో కారు ఆపినాడంట! తర్లుపాడు ట్రాక్టరును మించిపోయిందిది!" ఇంకొకడు తొడ కొట్టుకున్నాడు. పక్కవాడు, "మరి పలక ఎక్కడ పెట్టినావు మామా, రేడియేటర్‌లోనా?" అన్నాడు.

జీవరత్నం వాళ్లందరినీ చూశాడు. ఇన్నేళ్లు తనే నేర్పించాడు వాళ్లకు, తను నోరు తెరిస్తే నవ్వడం. ఇప్పుడు నిజం చెప్తే ఆ నవ్వే అడ్డం వచ్చింది. ఇంజిన్ ఆపాడు. చప్పుడు లేని షెడ్డులో మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి ఉపమానాలు లేవు, చెయ్యి ఊపలేదు, గొంతు పెంచలేదు. 'మధ్యలో ఎవరికి దప్పికైందో' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ రోజు టీ పొలమారినవాడు గ్లాసు కింద పెట్టేశాడు.

నాగభూషణం ఫోను తిరిగి ఇచ్చాడు. "మొన్న పెట్రోలు కాదా అని నేను అడిగితే, అదీ ఇదీ అన్నావే."

"అన్నాను షావుకారూ. మొదటిది తెలియక అన్నాను. అది తెలిసి అన్నాను."

నాగభూషణం కొత్త పైపు మళ్లీ వేయించుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ షెడ్డుకు కారు పంపలేదు. పోలయ్యకు మాత్రం మళ్లీ పనిలోకి రమ్మని కబురు పెట్టాడు. తను పోలేదు, మనిషిని పంపాడు. పోలయ్య ఆ మనిషికి నీళ్లిచ్చి, మర్యాదగా తిప్పి పంపించాడు. ఊళ్లో పేరు మీది మచ్చ పోయాక, గిద్దలూరులో ఒక డాక్టరమ్మ తన కారు అతని చేతికిచ్చింది.

ఊరు ఊరుకోలేదు. బలపంతో సిలిండర్ మూసిన మెకానిక్కని, ఇంజిన్ ఆయిల్లో బలపం పొడి కలుపుతాడని కొత్త కథలు పుట్టాయి. జీవరత్నం ఏదీ కాదనలేదు, దేనికీ కొసరు వేయలేదు. నులకమంచం షెడ్డు వెనక గోడకు చేరింది. ఎవరైనా బండి తెస్తే అది ఊరికే తిరుగుతుండగా ఒకసారి, రేసు ఇచ్చి ఒకసారి అంకె చూస్తాడు. చూసేదాకా నోరు తెరవడు. చూశాక కూడా తక్కువే.

డాక్టరమ్మ కారు అప్పుడప్పుడు వస్తుంది. గిద్దలూరులో షెడ్లున్నాయి, దారిలో కంభంలో ఉన్నాయి. అవన్నీ దాటుకుని ఇక్కడికి ఎందుకు తెస్తున్నావని జీవరత్నం పోలయ్యను అడగలేదు. అడిగే హక్కు ఉందని అనుకోడు.

కారు దిగి పోలయ్య తాళాలు ఇవ్వడు. ముందు చెయ్యి చాపుతాడు.

"జేబులు చూపించన్నా."

జీవరత్నం చొక్కా జేబు, ప్యాంటు జేబులు బయటికి లాగి చూపిస్తాడు. ఒక రూపాయి బిళ్ల, కొంచెం నూనె మరక, అంతే. పోలయ్య ఒకటికి రెండుసార్లు చూస్తాడు. నవ్వడు. అప్పుడు తాళాలు అతని చేతిలో పెట్టి, బానెట్ తనే ఎత్తి, పని అయ్యేదాకా పక్కనే నిలబడతాడు.